రెండుసార్లు దొరికినవాడి ఒలింపిక్ బంగారం ఎందుకు ఉంచేశారు?

రాయగడ_సత్తిబాబు
మా అబ్బాయి ప్లస్ టూ మొదటి ఏడాది. షాట్‌పుట్ వేస్తాడు. జిల్లా మీట్‌లో రెండో స్థానం వచ్చింది, అక్కడి నుంచి ఇంట్లో వేరే మాట లేదు. మంచం పక్కన గోడకి ర్యాండీ బార్న్స్ ఫొటో అంటించాడు. ఎవరీయన అని నెట్‌లో చూస్తే 1996 ఒలింపిక్ బంగారం గెలిచిన అమెరికా షాట్‌పుట్ ఆటగాడు, 1990లో ఒకసారి, 1998లో ఒకసారి డోపింగ్‌లో దొరికాడట. రెండోసారి జీవితకాలం నిషేధం. తీసేయరా అంటే, "ఒలింపిక్ కమిటీ వాళ్లే ఆయన బంగారం తీయలేదు, నువ్వు ఫొటో తీస్తావా నాన్నా" అంటున్నాడు.

నా డౌట్ ఇదీ. 2017లో మన భువనేశ్వర్‌లో మన్‌ప్రీత్ కౌర్ షాట్‌పుట్‌లో గెలిచిన ఆసియా బంగారం డోపింగ్ అని తీసేశారు కదా. మన పిల్లకి ఒక రూలు, అమెరికా వాడికి ఇంకో రూలా? తెలిసినవాళ్లు చెప్పండి, వాడికి జవాబు చెప్పాలి.

ఇనుప_గుండు
రూలు ఒకటే సత్తిబాబు గారూ, తేదీల దగ్గరే తేడా అంతా.

బార్న్స్ కథ వరసగా చూడండి. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో చివరి త్రో 22.39 మీటర్లు వేసి మొదటి స్థానానికి వచ్చాడు. తూర్పు జర్మనీ టిమ్మర్‌మన్ కూడా చివరి త్రోలోనే 22.47 వేసి దాన్ని లాక్కున్నాడు. బార్న్స్‌కి రజతం. 1990 మే 20న లాస్ ఏంజెలెస్‌లో 23.12, ప్రపంచ రికార్డు. అదే ఏడాది ఆగస్టులో స్వీడన్‌లో ఇచ్చిన శాంపిల్‌లో మిథైల్ టెస్టోస్టిరాన్ అనే స్టెరాయిడ్ దొరికింది. 27 నెలల నిషేధం, 1992 బార్సిలోనా ఒలింపిక్స్ పోయింది. తిరిగొచ్చి 1996 అట్లాంటాలో బంగారం. 1998 ఏప్రిల్‌లో ఆండ్రోస్టెన్‌డయోన్ అనే ఇంకో మందు దొరికింది, అక్కడితో సరి.

ఫలితాలు రద్దయ్యేది శాంపిల్ ఇచ్చిన రోజు నుంచి. అట్లాంటాకి ముందు శిక్ష పూర్తయింది, అట్లాంటాలో దొరకలేదు, 1998 శాంపిల్ 1996 దాకా వెనక్కి పోదు. 23.12 కూడా అంతే, శాంపిల్ కంటే ముందు వేసింది. మన్‌ప్రీత్ విషయంలో భువనేశ్వర్‌లో ఇచ్చిన శాంపిలే పాజిటివ్. అందుకే ఆ పతకం నిలవలేదు.

ఉత్తగాలి
అంటే దొంగతనం చేసిన రోజు దొరక్కపోతే సొమ్ము మనదే. మా ఊరి సర్పంచి లా చదివినట్టున్నాడు.

లెక్కల_మాస్టారు
@ఇనుప_గుండు ఒక్కటి కలపాలి. ఆ కాలంలో పాత శాంపిళ్లు దాచి మళ్లీ పరీక్షించే పద్ధతి లేదు. తర్వాత వచ్చింది, మొదట 8 ఏళ్లు, 2015 నుంచి 10 ఏళ్లు. ఆ పద్ధతి 1996లో ఉండి ఉంటే ఎంతమంది పతకాలు మిగిలేవో.

అట్లాంటాలో బార్న్స్ చివరి త్రోకి ముందు ఆరో స్థానంలో ఉన్నాడు. 21.62 పడింది. రెండో స్థానం గొడీనా 20.79, మూడో స్థానం ఉక్రెయిన్ బగాచ్ 20.75. ఈ బగాచ్ మరుసటి ఏడాది ఏథెన్స్ వరల్డ్స్‌లో గెలిచి ఎఫిడ్రిన్ అనే స్టిమ్యులెంట్‌తో దొరికాడు, ఆ బంగారం గొడీనాకి వెళ్లింది.

బరంపురం_బాచి
అందుకే అంటాను, ఒక్క బార్న్స్‌ని పట్టుకుని ఏడవడం దేనికి? 1992 బార్సిలోనా చూడండి. స్టల్స్, డోరింగ్, లీఖో. బంగారం, రజతం, కాంస్యం, ముగ్గురూ అంతకుముందు డోపింగ్ నిషేధం అనుభవించి వచ్చినవాళ్లే. పోడియం మొత్తం మాజీ ఖైదీలు. స్టల్స్ మరుసటి ఏడాది మళ్లీ దొరికాడు కూడా.

ఆడవాళ్లలో లిసోవ్‌స్కయా 1987లో వేసిన 22.63 ఇప్పటికీ ప్రపంచ రికార్డు. ఈ రోజుల్లో 21 మీటర్లు దాటితేనే గొప్ప. స్లూపియానెక్ 1977లో దొరికి, ఏడాది కూర్చుని, 1980 మాస్కోలో 22.41 వేసింది. ఆ ఒలింపిక్ రికార్డు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. అందరూ మందులు తిన్నప్పుడు ఎక్కువ దూరం వేసినవాడే మొనగాడు. ఫొటో ఉంచనివ్వండి.

మునిగుడ_మంగ
బాచీ, అందరూ తిన్నారని నీకెవరు చెప్పారు? తినకుండా ఎనిమిదో స్థానంలో మిగిలిపోయినవాడి పేరు నీకు తెలుసా? తెలీదు. వాడి ఫొటో ఏ గోడ మీదా ఉండదు. నష్టపోయింది వాడు.

బరంపురం_బాచి
@మునిగుడ_మంగ సరే అక్కా, ఎనిమిదోవాడు తినలేదని మీకెవరు చెప్పారు?

మునిగుడ_మంగ
ఇదిగో ఈ మాటే తినేవాళ్లకి బలం.

పర్లాకిమిడి_పోరడు
ఎనిమిదోవాడి సంగతి నాకు తెలీదు గానీ రెండోవాడి సంగతి చెప్తాను. 2004 ఏథెన్స్, షాట్‌పుట్ మాత్రం పాత ఒలింపియాలో పెట్టారు. ఆడం నెల్సన్, ఉక్రెయిన్ బిలొనోగ్, ఇద్దరికీ 21.16. రెండో మంచి త్రో లెక్కలో బిలొనోగ్‌కి బంగారం. 2012లో, ఎనిమిదేళ్ల గడువు ముగిసే ముందు, పాత శాంపిల్ మళ్లీ పరీక్షిస్తే ఆక్సాండ్రోలోన్ అనే స్టెరాయిడ్ బయటపడింది. నెల్సన్‌కి పతకం 2013లో ఇచ్చారు. ఎక్కడ ఇచ్చారో తెలుసా? అట్లాంటా ఎయిర్‌పోర్టు ఫుడ్ కోర్టులో! బర్గర్లు తినేవాళ్ల మధ్య. జాతీయ గీతం లేదు, జెండా లేదు. తొమ్మిదేళ్లు స్పాన్సర్లు, ప్రైజ్ మనీ, ఆ స్టేడియం చప్పట్లు, అవన్నీ ఎవరు తెచ్చిస్తారు?

అక్కడే అదే రోజు ఆడవాళ్ల పోటీలో రష్యా కొర్జనెంకో 21.06 వేసి గెలిచింది. స్టానొజొలోల్ అనే స్టెరాయిడ్‌తో దొరికింది. వారం తిరక్కుండా క్యూబా అమ్మాయికి వెళ్లింది బంగారం.

ఉత్తగాలి
ఫుడ్ కోర్టులో ఒలింపిక్ బంగారం! కనీసం కూల్ డ్రింక్ ఫ్రీ ఇచ్చారా?

గుణుపురం_పీఈటీ
మన్‌ప్రీత్ మాట వచ్చింది కాబట్టి. 2017 జూలైలో స్కూలు పిల్లల్ని తీసుకుని భువనేశ్వర్ వెళ్లాను, కళింగ స్టేడియంలో ఆసియా పోటీలు. షాట్‌పుట్ సర్కిల్ మాకు బాగా కనిపించే వైపే పడింది. ఉక్కపోతకి చేతికి గుండు జారకుండా ఒక్కొక్కరూ సుద్దపొడి అరచేతికీ మెడకీ పూసుకుని వస్తున్నారు. గుండు మెడకి ఆనించుకున్నప్పుడు చెవి కింద తెల్లటి అచ్చు పడుతుంది, మా పిల్లలకి అదే వింత. మన్‌ప్రీత్ 18.28 వేసిన త్రోకి స్టేడియం లేచి నిలబడింది. మా ఏడో తరగతి పిల్ల ఒకతి అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంది, మరుసటి రోజు బస్సులో మంచినీళ్లు కూడా సైగలతోనే అడిగింది.

తర్వాత సంగతి అందరికీ తెలిసిందే. ఆ ఏడాది నాలుగు చోట్ల శాంపిళ్లు పాజిటివ్. చైనాలో జిన్‌హువా, పటియాలా ఫెడరేషన్ కప్, భువనేశ్వర్, గుంటూరు ఇంటర్ స్టేట్. ఒకటి మెటెనొలోన్ అనే స్టెరాయిడ్, ఇంకోటి డైమిథైల్‌బ్యూటిలమైన్ అనే స్టిమ్యులెంట్. 2019లో మన దేశపు డోపింగ్ నిరోధక సంస్థ నాడా నాలుగేళ్ల నిషేధం వేసింది, 2017 జూలై నుంచి లెక్క. జిన్‌హువాలో వేసిన 18.86 జాతీయ రికార్డు కూడా పోయింది.

ఆ గొంతు పోయిన పిల్ల ఇప్పుడు డిగ్రీ చదువుతోంది, డిస్కస్ వేస్తుంది. వార్త వచ్చిన రోజు నాకు ఫోన్ చేసి "మేడమ్, మనం చప్పట్లు కొట్టింది నిజమే కదా" అంది. ఏం చెప్పాలో మీరే చెప్పండి.

రాయగడ_సత్తిబాబు
మేడమ్, శిక్ష అయ్యాక ఆవిడ మళ్లీ వచ్చింది కదా?

గుణుపురం_పీఈటీ
వచ్చారు. 2022లో చెన్నైలో 18.06, మళ్లీ జాతీయ రికార్డు. 2023 బ్యాంకాక్ ఆసియా పోటీల్లో కాంస్యం. శిక్ష పూర్తి చేసి వచ్చినవాళ్లకి ఆడే హక్కు ఉంది, నేనేమీ అడ్డుచెప్పను. కానీ మా పిల్లలకి ఇప్పుడు ఆవిడ 18.06 చెప్తే మొదట అడిగేది దూరం గురించి కాదు, "ఇది నిజమైనదేనా మేడమ్" అని. మచ్చ అంటే ఇదే.

మందులషాపు_మూర్తి
నేను జయపురంలో మందుల షాపు నడుపుతాను. బార్న్స్ రెండో కేసు గురించి ఒక మాట. ఆండ్రోస్టెన్‌డయోన్ అప్పట్లో అమెరికాలో ప్రిస్క్రిప్షన్ లేకుండా కౌంటర్ మీద అమ్మేవారు. అదే 1998లో బేస్‌బాల్ ఆటగాడు మార్క్ మెగ్వైర్ లాకర్‌లో ఆ సీసా కనబడింది. ఆయన ఆ సీజన్‌లో 70 హోమ్ రన్‌లు కొట్టి దేశం మొత్తానికి హీరో అయ్యాడు, ఎందుకంటే బేస్‌బాల్‌లో అప్పటికి దానికి నిషేధం లేదు. అథ్లెటిక్స్‌లో ఉంది. ఒకే మందు, ఒకే ఏడాది, ఒకాయన హీరో, ఒకాయన ఇంటికి. అమెరికా ప్రభుత్వం దాన్ని స్టెరాయిడ్ల చట్టంలోకి తెచ్చింది 2004లో.

బార్న్స్ తనకి అది నిషేధమని తెలీదన్నాడు. నమ్మాలా వద్దా మీ ఇష్టం. మొదటిసారి కూడా తప్పు చేయలేదనే వాదించాడు.

ఇప్పుడు మన దగ్గర. సత్తిబాబు గారూ, గోడ మీద ఫొటో సంగతి తర్వాత, వాడి మంచం కింద డబ్బాలేమున్నాయో ముందు చూడండి. జిమ్‌లలో అమ్మే ప్రీ వర్కౌట్ పొడుల్లో పైన చెప్పిన డైమిథైల్‌బ్యూటిలమైన్ లాంటివి కలిసి ఉండొచ్చు, డబ్బా మీద ఆ పేరు ఉండదు. "సార్మ్స్" అని ఇంకో రకం, ఒస్టరిన్, లిగాండ్రోల్. వాటికి మందుగా ఎక్కడా అనుమతి లేదు, అయినా ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. పరుగుల ద్యుతీ చంద్‌కి 2023లో నాలుగేళ్ల నిషేధం పడింది ఈ సార్మ్స్‌కే.

బరంపురం_బాచి
ఒస్టరిన్ పేరెత్తితే మా బరంపురం వాళ్లకి కడుపు మండుతుంది మూర్తి గారూ. మా కె. రవికుమార్ 2010 ఢిల్లీ కామన్వెల్త్‌లో వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల విభాగంలో బంగారం తెచ్చాడు, 2014 గ్లాస్గోలో రజతం. మా వీధుల్లో బార్‌బెల్ పట్టిన ప్రతి గుంటడూ ఆయన్ని చూసే పట్టాడు. 2019లో ఒస్టరిన్ అని నాలుగేళ్లు వేశారు. అప్పటికి 2010 నుంచి ఎన్నేళ్లు గడిచాయి! అయినా ఇప్పుడు ఆయన పేరు చెప్తే బయటివాళ్లు ముందు ఆ మాటే అంటారు. నాకు మాత్రం 2010 బంగారం బంగారమే.

ఇనుప_గుండు
@బరంపురం_బాచి రూలు ప్రకారం కూడా అంతే. ఆ పతకం ఆయనదే, ఎవరూ తీయలేదు. ఇప్పుడు నువ్వు అన్న మాటే సత్తిబాబు గారి అబ్బాయి బార్న్స్ గురించి అంటున్నాడు.

బరంపురం_బాచి
అదే కదా నేను మొదటి నుంచి చెప్పేది!

మునిగుడ_మంగ
రెండూ ఒకటి కాదు. రవికుమార్ గెలిచింది ముందు, దొరికింది తర్వాత, ఒక్కసారి. బార్న్స్ దొరికాడు, గెలిచాడు, మళ్లీ దొరికాడు. ఆ అట్లాంటా బంగారానికి రెండు పక్కలా పాజిటివ్ శాంపిళ్లే. చట్టం ప్రకారం అది ఆయనదే, కాదనను. నమ్మకం మాట అడిగితే నా దగ్గర లేదు.

జయపురం_జగ్గు
ఇంత చర్చ దేనికి. మండియా (రాగి) జావు, పఖాళ (చద్దన్నం), ఎండు చేప తింటే 23 మీటర్లు పడదా?

ఉత్తగాలి
పఖాళ తిన్నాక గుండు కాదు, మనిషే పడతాడు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా నిద్రలోనే.

రాయగడ_సత్తిబాబు
మూర్తి గారు అన్నాక మంచం కింద చూశాను. ఒక ప్రొటీన్ డబ్బా ఉంది, అంతే. ఎక్కడిదిరా అంటే వాడు కొన్నది కాదట, ప్రాక్టీస్ చేయించే ఆయన ఇచ్చాడట. ఇంకో మాట కూడా బయటికొచ్చింది. భుజం నొప్పి అంటే "ఒక ఇంజక్షన్ వేయిస్తాను, వారంలో తగ్గుతుంది, బలం కూడా వస్తుంది" అన్నాడట ఆయన. వేయలేదు ఇంకా. నిన్నటి నుంచి నాకు నిద్ర లేదు, ఒకటే టెన్షన్. ఆయన మంచివాడే, డబ్బు కూడా తీసుకోడు. అడిగితే తప్పుగా అనుకుంటాడేమో.

మందులషాపు_మూర్తి
అనుకోనివ్వండి. వేయించొద్దు.

నొప్పికి బలానికి ఒకే సూది అంటే రెండే అవకాశాలు. ఒకటి డెక్సామెథసోన్, బెటామెథసోన్ లాంటి స్టెరాయిడ్, నొప్పి, వాపు తగ్గిస్తుంది. 2022 నుంచి పోటీ సమయంలో ఏ ఇంజక్షన్ రూపంలో వేసినా నిషేధమే. రెండోది నాండ్రోలోన్, బలం పెంచే స్టెరాయిడ్. అది కండకి వేసేది, ఒంట్లో నెలల తరబడి ఆనవాలు మిగులుతుంది. మొదటిదైతే అవసరం ఉంటే డాక్టరు రాసి, ముందుగా అనుమతి తెచ్చుకునే దారి ఉంది. రెండోదానికి పదిహేడేళ్ల పిల్లాడికి ఏ అవసరమూ లేదు. సీసా పేరు అడగండి. పేరు చెప్పకపోతే అక్కడే ఆపేయండి.

జలుబు మాత్రలు కూడా జాగ్రత్త, సూడోఎఫిడ్రిన్ ఉన్నవి పోటీ ముందు వద్దు. నాడా వాళ్ల "నో యువర్ మెడిసిన్" యాప్‌లో మందు పేరు కొడితే చెప్తుంది. డబ్బాల మీద మాత్రం ఆ యాప్ గ్యారంటీ ఇవ్వదు, మందులకే.

లెక్కల_మాస్టారు
కోచ్ మంచివాడు అన్నారు కాబట్టి రెండు సంగతులు చెప్పాలి.

బెలారస్ ఒస్టాప్‌చుక్ 2012 లండన్‌లో 21.36 వేసి గెలిచింది. మెటెనొలోన్. పతకం న్యూజిలాండ్ వాలెరీ ఆడమ్స్‌కి వెళ్లింది. అప్పుడు కోచ్ ముందుకొచ్చి "ఆమెకి తెలియకుండా తిండిలో నేనే కలిపాను" అన్నాడు. దాంతో మొదట ఏడాది శిక్షే వేశారు. తీరా చూస్తే 2005 హెల్సింకి పాత శాంపిల్ మళ్లీ పరీక్షిస్తే అదీ పాజిటివ్. అప్పుడు నాలుగేళ్లు. ఏడేళ్ల కింద కూడా కోచే కలిపాడా అని ఎవరైనా అడుగుతారు కదా.

రెండోది నిజంగా గుండె తరుక్కుపోయేది. తూర్పు జర్మనీ హైడీ క్రీగర్. పదహారేళ్లప్పటి నుంచి నీలం మాత్రలు ఇచ్చారు, విటమిన్లు అని చెప్పి. ఓరల్ టురినబాల్, అంటే స్టెరాయిడ్. 1986లో యూరప్ ఛాంపియన్, 21.10. ఒళ్లు మొత్తం మారిపోయింది, కీళ్లు పాడైపోయాయి. తర్వాత ఆపరేషన్ చేయించుకుని ఆండ్రియాస్‌గా మారాడు. 2000లో బెర్లిన్ కోర్టులో ఆ దేశపు క్రీడాధికారి ఏవాల్డ్, డాక్టర్ హోప్నర్ మీద కేసు నడిచినప్పుడు సాక్ష్యం చెప్పాడు. ఆ పిల్లకి మాత్రలు ఇచ్చినవాళ్లు కూడా ఇంటికి ఫోన్ చేసి "మంచివాళ్లం" అనే చెప్పి ఉంటారు.

ఇనుప_గుండు
శిక్ష ఎవరికి పడుతుందో కూడా తెలుసుకోండి. ఒంట్లో దొరికితే బాధ్యత ఆటగాడిదే. ఎవరు ఇచ్చారు, తెలిసి తిన్నాడా తెలియకా అన్నది శిక్ష తగ్గించడానికి పనికొస్తుంది తప్ప, కేసు పోవడానికి కాదు. మైనర్లకి కాస్త వెసులుబాటు ఉంటుంది.

నాగావళి_నాని
నేనొకసారి టెస్ట్ ఇచ్చాను, అందుకే రాస్తున్నా. రాష్ట్ర స్థాయి మీట్, జావెలిన్. త్రో అయిపోయి షూ విప్పుతుంటే ఒకాయన వచ్చి కాగితం మీద సంతకం పెట్టించాడు. అక్కడి నుంచి నీడలా వెంటే. బాత్రూమ్‌కీ వస్తాడు. చొక్కా ఛాతీ దాకా ఎత్తాలి, ప్యాంటు మోకాళ్ల దాకా దించాలి, ఆయన ఎదురుగా నిలబడి చూస్తుంటే పోయాలి. 90 మిల్లీలీటర్లు కావాలి. ఎండలో ఆడి వచ్చినవాడికి 90 ఎక్కడిది? మొదటిసారి సగమే వచ్చింది, దాన్ని సీలు వేసి పక్కన పెట్టారు. నీళ్లు తాగుతూ కూర్చున్నా. ఎక్కువ తాగితే పల్చగా ఉందని మళ్లీ పోయమంటారట, అదో భయం.

ఆ తర్వాత కిట్లలోంచి ఒకటి నన్నే ఎంచుకోమన్నారు. 'ఏ' అనే సీసాలో కొంత, 'బీ' అనే సీసాలో కొంత నేనే పోయాలి, మూత నేనే బిగించాలి. కట కట కట అని శబ్దం వస్తుంది, ఇక విప్పలేం. రెండింటి మీదా నంబరు కాగితం మీద నంబరుతో కలిసిందో లేదో నేనే చదివి చెప్పాలి. వారం రోజుల్లో ఏ మందు వాడావో రాయమన్నారు. మా అమ్మ ఇచ్చిన కషాయం కూడా రాశాను. ఆయన నవ్వలేదు, రాసుకున్నాడు.

రిపోర్టు రాలేదు, అంటే ఏమీ లేదనే. కానీ ఆ నెల రోజులూ తిన్న ప్రతీదీ గుర్తు చేసుకుంటూ గడిపాను.

ఉత్తగాలి
2023లో ఢిల్లీ రాష్ట్ర మీట్‌కి నాడా వాళ్లు వచ్చారని తెలిసి వంద మీటర్ల ఫైనల్లో ఒక్కడే పరిగెత్తాడు గుర్తుందా? మిగతావాళ్లంతా స్టేడియం బయటికి పరిగెత్తారు. ఆ టైమింగ్ ఎవరైనా తీసి ఉంటే జాతీయ రికార్డే.

పర్లాకిమిడి_పోరడు
నవ్వొస్తుంది గానీ 2022 వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) లెక్కల్లో మన దేశం 3,865 శాంపిళ్లకి 125 పాజిటివ్. ఇలా వేలల్లో శాంపిళ్లు తీసిన పెద్ద దేశాల్లో మనదే ఎక్కువ శాతం, 3.2.

రిటైర్డ్_రైల్వే
మీరంతా నీతి మాట్లాడుతున్నారు, ఒకడైనా ఉద్యోగం మాట ఎత్తలేదు. మా పెద్దమ్మ మనవడు, కొరాపుట్ వైపు పల్లె. స్పోర్ట్స్ కోటాలో ఒక చోట పోస్టు పడింది, షాట్‌పుట్‌లో ఇంత దూరం కావాలి అన్నారు. వాడికి ఒకటిన్నర మీటరు తక్కువ. మూడు నెలలు ఏవో సూదులు వేయించుకున్నాడు, దూరం వచ్చింది, ఉద్యోగమూ వచ్చింది. ఇల్లు కట్టాడు, చెల్లి పెళ్లి చేశాడు. ట్రయల్స్‌లో ఎవరూ టెస్ట్ చేయలేదు. వాడికి వెళ్లి బార్న్స్ కథ చెప్పండి, ఏమంటాడో.

మునిగుడ_మంగ
వాడి వెనక మీటరు తక్కువతో మిగిలిపోయినవాడికి కూడా చెల్లి ఉండి ఉంటుంది బాబాయ్.

రిటైర్డ్_రైల్వే
ఉంటుందమ్మా. నేను ఒప్పు అనలేదు. వాడికి ఇప్పుడు బీపీ, మొహం నిండా కురుపులు, ముప్పై రెండేళ్లకే. పెళ్లయి నాలుగేళ్లు, పిల్లలు లేరు. డాక్టరుకి సూదుల సంగతి చెప్పరా అంటే చెప్పడు, ఉద్యోగం పోతుందని భయం.

మందులషాపు_మూర్తి
@రిటైర్డ్_రైల్వే డాక్టరుకి చెప్పమనండి, ఆ మాట ఆఫీసుకి పోదు. బయటి నుంచి టెస్టోస్టిరాన్ లాంటివి వేస్తే ఒంట్లో సొంతంగా తయారయ్యేది ఆగిపోతుంది, వీర్యకణాలు పడిపోతాయి. చాలామందికి మానేశాక తిరిగి వస్తాయి, కొందరికి వైద్యం కావాలి. దాచిపెడితే డాక్టరు వేరే దారిలో వెతుకుతూ ఉంటాడు.

జయపురం_జగ్గు
ఇంతకీ బార్న్స్ ఇప్పుడేం చేస్తున్నాడు?

లెక్కల_మాస్టారు
నిషేధం తర్వాత గోల్ఫ్‌లో లాంగ్ డ్రైవ్ పోటీలకి వెళ్లాడని చదివాను. బంతి ఎక్కువ దూరం కొట్టే పోటీ. దూరం పిచ్చి పోలేదు పాపం.

రికార్డు మాత్రం పోయింది. 2021 జూన్‌లో యూజీన్‌లో రయాన్ క్రౌజర్ 23.37 వేశాడు. 31 ఏళ్లు నిలబడిన అంకె. 2023లో తనే 23.56 చేశాడు. 2017లో యూరప్ అథ్లెటిక్స్ వాళ్లు 2005కి ముందటి ప్రపంచ రికార్డులన్నీ కొట్టేసి కొత్తగా మొదలుపెడదాం అన్నారు, శాంపిళ్లు దాచడం అప్పటి నుంచే కాబట్టి. అది నడవలేదు. షాట్‌పుట్ మగవాళ్లలో ఆ పని క్రౌజరే చేశాడు. ఆడవాళ్లలో 22.63 అలాగే కూర్చుంది.

గుణుపురం_పీఈటీ
సత్తిబాబు గారూ, అబ్బాయికి చివరి త్రోలో గెలిచినవాడే కావాలంటే దూరం పోనక్కర్లేదు. తజిందర్‌పాల్ సింగ్ తూర్. 2023 హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో చివరి త్రో 20.36, బంగారం. అదే ఏడాది జూన్‌లో మన కళింగ స్టేడియంలోనే 21.77, ఆసియా రికార్డు.

రాయగడ_సత్తిబాబు
నిన్న రాత్రి వాడికి ఈ పోస్టులన్నీ చదివి వినిపించాను. ఫుడ్ కోర్టు దగ్గర నవ్వాడు, హైడీ క్రీగర్ దగ్గర ఫోన్ నా చేతిలోంచి తీసుకుని తనే చదువుకున్నాడు. ఫొటో తీయలేదు. "నాకు ఆయన తిరిగే పద్ధతి కావాలి, ఆయన మందులు కాదు" అంటున్నాడు. ఇంకేం వాదించను.

కోచ్ గారికి ఫోన్ చేశాను. సీసా పేరు అడిగితే "మీకెందుకు సార్ అవన్నీ" అన్నారు. ఇక ఆయన దగ్గరికి పంపడం లేదు. డబ్బా కూడా తిరిగి ఇచ్చేశాను. అబ్బాయికి కోపం వచ్చింది, రెండు రోజులుగా మాట్లాడట్లేదు. వాళ్లమ్మ ద్వారా కబుర్లు నడుస్తున్నాయి.

మునిగుడ_మంగ
మాట్లాడతాడు లెండి. ఆకలేస్తే వాడే వస్తాడు.

ఇనుప_గుండు
తిరిగే పద్ధతి అంటే స్పిన్. బార్న్స్‌ది స్పిన్నే, టిమ్మర్‌మన్‌ది గ్లైడ్, అంటే తిరగకుండా జారుతూ వచ్చి వేసేది. స్పిన్ చూడ్డానికి బాగుంటుంది గానీ సర్కిల్ 2.135 మీటర్లే, కాలు ఇంచు తప్పినా ఫౌల్. వాడు నేర్చుకునేది ఏది? గ్లైడ్ కుదరకుండా స్పిన్‌కి దిగితే భుజం నొప్పి రాక మానదు. ఏ బరువు వేస్తున్నాడు?

రాయగడ_సత్తిబాబు
పెద్ద గుండే వేస్తున్నాడు. 7.26.

ఇనుప_గుండు
అదీ సంగతి! పదిహేడేళ్ల పిల్లాడికి 5 కిలోలది, అండర్ 20కి 6. భుజం నొప్పికి మందు దొరికేసింది. రెండు వారాలు గుండు ముట్టనివ్వకండి, ఫిజియోకి చూపించండి, తర్వాత 5తో గ్లైడ్ నుంచి మొదలుపెట్టమనండి. ఆదివారాలు నేను పార్వతీపురం వస్తుంటాను, రాయగడ రైలు ఎక్కితే ఎంతసేపు. తీసుకురండి, చూస్తాను.

రాయగడ_సత్తిబాబు
చాలా థ్యాంక్స్ అన్నా. 5 కిలోల గుండు రాయగడలో ఎక్కడా లేదు, రెండు షాపులు తిరిగాను. క్రికెట్ బ్యాట్లు తప్ప ఇంకేం అమ్మట్లేదు.

బరంపురం_బాచి
బరంపురంలో దొరుకుతుంది, నేను పంపిస్తా. బస్సు డ్రైవరుకి ఇచ్చి పంపితే ఐదు కిలోల గుండు చూసి బాంబు అనుకుంటాడేమో, బిల్లు కూడా కట్టి పెడతాను.

ఉత్తగాలి
బిల్లు మీద "మందులు లేవు" అని రాయించు.